పీఎఫ్, ఎన్‌పీఎస్, పీపీఎఫ్: ఎంత దాచుకోవచ్చు, పన్ను ఎక్కడ పడుతుంది?

లక్షన్నర, రెండున్నర లక్షలు, ఏడున్నర లక్షలు. పదవీ విరమణ పొదుపు గురించి ఆఫీసులో మాట వచ్చినప్పుడల్లా ఈ మూడు అంకెలూ వినిపిస్తాయి, చాలాసార్లు ఒకదాని బదులు మరొకటి. ‘పీఎఫ్‌లో లక్షన్నర దాటితే పన్ను కట్టాలట’ అని ఒకరంటే, ‘కాదు, రెండున్నర లక్షలు’ అని ఇంకొకరు సరిదిద్దుతారు. నిజానికి ఈ మూడూ మూడు వేర్వేరు విషయాలను కొలుస్తాయి. లక్షన్నర అనేది పాత పన్ను విధానంలో మీ ఆదాయంలోంచి తీసివేయనిచ్చే మొత్తానికి హద్దు. రెండున్నర లక్షలు మీ పీఎఫ్ వాటా మీద వచ్చే వడ్డీకి సంబంధించిన హద్దు. ఏడున్నర లక్షలకు మీ వాటాతో సంబంధమే లేదు, అది యాజమాన్యం మీ పేరిట జమ చేసే సొమ్ముకు పెట్టిన హద్దు.

వీటిలో ఏదీ ‘ఇంతకు మించి దాచుకోవద్దు’ అనదు. నిజంగా అడ్డుకట్ట వేసేది పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) ఒక్కటే. మిగతా హద్దులు దాటవచ్చు. దాటితే పన్ను ఏ రూపంలో, ఏ సంవత్సరం పడుతుందో ముందే లెక్క వేసుకుంటే చాలు. ఆ లెక్క ఎలా వేయాలో అడుగు అడుగునా చూద్దాం. ఇక్కడి అంకెలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి, సెక్షన్లు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి (పైన చెప్పిన లక్షన్నర తగ్గింపునిచ్చే, అందరి నోటా నలిగిన సెక్షన్ 80సీ అక్కడ 123 అయింది). కాబట్టి ఆ తర్వాతి సంవత్సరానికి లెక్క వేసేవారు నంబర్లు, అంకెలు మళ్లీ సరిచూసుకోవాలి.

మొదటి అడుగు: పే స్లిప్ తీసి బేసిక్ చూడండి

అన్ని లెక్కలకూ మూలం బేసిక్, దానికి కలిసే కరువు భత్యం. సీటీసీ, అంటే సంస్థ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, ఎంత అన్నది ఇక్కడ పనికిరాదు. ఇరవై నాలుగు లక్షల సీటీసీ ఉన్న ఇద్దరిలో ఒకరి బేసిక్ నెలకు లక్ష, మరొకరిది డెబ్బై వేలు ఉండవచ్చు, వాళ్ల పరిమితులూ ఆ మేరకు వేరవుతాయి.

పే స్లిప్‌లో పీఎఫ్ కోత ఎదురుగా 1,800 కనిపిస్తే మీ సంస్థ చట్టం చెప్పిన కనీసంతో సరిపెడుతోందని అర్థం. 2014 సెప్టెంబరు 1 నుంచి పీఎఫ్ వేతన పరిమితి నెలకు 15,000 రూపాయలు, దానిలో 12 శాతం 1,800. బేసిక్ ఎంత ఎక్కువున్నా 15,000 మీదే లెక్కగట్టే వెసులుబాటు సంస్థలకు ఉంది. అలా కాక అసలు బేసిక్ మీదే 12 శాతం కోస్తుంటే, లక్ష బేసిక్‌కు నెలకు 12,000 పోతుంది, యాజమాన్యమూ సాధారణంగా అంతే వేస్తుంది.

యాజమాన్యం వేసే 12 శాతం అంతా మీ పీఎఫ్ ఖాతాలోకి రావాలని లేదు. ఉద్యోగుల పింఛను పథకం, అంటే ఈపీఎస్‌లో సభ్యులైతే, 15,000 మీద 8.33 శాతం, అంటే నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు ఆ పథకానికి వెళ్తాయి. మిగిలిందే పీఎఫ్‌లో పడుతుంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత 15,000 కంటే ఎక్కువ జీతంతో తొలిసారి ఉద్యోగంలో చేరినవారికి ఈపీఎస్ సభ్యత్వం లేదు, కాబట్టి వాళ్లకు యాజమాన్యం వాటా మొత్తం పీఎఫ్‌కే చేరుతుంది. పక్క సీటులోని సహోద్యోగి పాస్‌బుక్‌తో మీది పోల్చుకుని కంగారు పడే ముందు ఈ తేదీ గుర్తు చేసుకోండి.

ఇప్పుడు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి: ఏడాదికి బేసిక్, ఏడాదికి మీ పీఎఫ్ వాటా (స్వచ్ఛందంగా కోయించుకునే వీపీఎఫ్ ఉంటే అదీ కలిపి), యాజమాన్యం పీఎఫ్ వాటా, యాజమాన్యం ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) వాటా. కింది అడుగులన్నీ ఈ నాలుగింటితోనే.

రెండో అడుగు: ఏ విధానంలో ఉన్నారో తేల్చుకోండి

పాత పన్ను విధానంలో ఉంటే మీ పీఎఫ్ వాటా, వీపీఎఫ్, పీపీఎఫ్, మీ సొంత ఎన్‌పీఎస్ జమ అన్నీ కలిపి లక్షన్నర దాకా ఆదాయంలోంచి తీసివేయవచ్చు. అయితే ఆ లక్షన్నరలోనే జీవిత బీమా ప్రీమియం, పిల్లల ట్యూషన్ ఫీజు, ఇంటి రుణం అసలు కూడా పోటీపడతాయి. 2014 బడ్జెట్ దీన్ని లక్ష నుంచి లక్షన్నరకు పెంచింది. అప్పటి నుంచి జీతాలు ఎక్కడికో వెళ్లాయి, ఈ హద్దు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే ఉంది. నెలకు లక్ష బేసిక్ ఉన్న ఉద్యోగికి పీఎఫ్ కోతే 1,44,000. ఇంకో ఆరు వేలు కలిస్తే 80సీ నిండిపోతుంది. అలాంటి వ్యక్తి మార్చి చివరి వారంలో ‘పన్ను ఆదా’ పేరిట పాలసీ కొంటే పన్నులో మిగిలేది దాదాపు సున్నా.

లక్షన్నరకు పైన ఎన్‌పీఎస్‌కు మాత్రమే మరో 50,000 ఉంది, అది 80సీసీడీ(1బీ) కింద. మీ సొంత ఎన్‌పీఎస్ జమను ముందు ఈ గదిలో చూపించండి. 80సీ మిగతావాటితోనే నిండుతుంటే ఎన్‌పీఎస్‌ను కూడా అందులోనే చూపించి ఈ 50,000ను ఖాళీగా వదిలేసేవారు కొందరున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరి సీపీఎస్‌లో (కంట్రిబ్యూటరీ పింఛను పథకంలో) ఉన్న ఉద్యోగులు, ఉపాధ్యాయులకు ఇది మరీ ముఖ్యం. వాళ్ల మూల వేతనం, కరువు భత్యం మీద కోత పడే 10 శాతం ఎన్‌పీఎస్ జమే. పాత విధానంలో ఉన్నవారు అందులో 50,000 ఇక్కడికి మళ్లించుకుంటే 80సీలో ఆ మేరకు చోటు మిగులుతుంది.

కొత్త విధానంలో ఇవేవీ లేవు. మీ చేతి మీదుగా కట్టిన పీఎఫ్‌కు గాని, పీపీఎఫ్‌కు గాని, ఎన్‌పీఎస్‌కు గాని ఒక్క రూపాయి కూడా తగ్గింపు రాదు. వచ్చేది 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్, తక్కువ శ్లాబులు: నాలుగు లక్షల దాకా పన్ను లేదు, ఆపైన ప్రతి నాలుగు లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం, ఇరవై నాలుగు లక్షలు దాటితే 30 శాతం. పన్ను విధించదగ్గ ఆదాయం పన్నెండు లక్షలు మించకపోతే 87ఏ రిబేటుతో పన్ను సున్నా.

ఏది లాభమో చూడటానికి ఒక లెక్క. ఏడాదికి 24 లక్షల జీతం, అందులో 12 లక్షలు బేసిక్. కొత్త విధానంలో 75,000 తీసేస్తే 23,25,000 మీద పన్ను 2,81,250, నాలుగు శాతం సెస్సుతో 2,92,500. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 80సీ లక్షన్నర, ఎన్‌పీఎస్ 50,000 పోగా 21,50,000 మీద సెస్సుతో కలిపి 4,75,800. తేడా లక్షా ఎనభై మూడు వేలకు పైనే. పాత విధానం కొత్తదానితో సమానం కావాలంటే ఈ జీతానికి మొత్తం 8,37,500 తగ్గింపులు చూపగలగాలి. హైదరాబాద్‌లో పెద్ద అద్దె కడుతూ, వేరే చోట ఇంటి రుణం వడ్డీ కూడా కడుతున్నవారికే అది అందుతుంది. మిగతావారు అలవాటుకొద్దీ పాత విధానాన్ని పట్టుకుని వేలాడటంలో అర్థం లేదని నా అభిప్రాయం. జీతగాళ్లు ఏ ఏడాదికాయేడు రిటర్ను వేసేటప్పుడు విధానం మార్చుకోవచ్చు. కాకపోతే పాతది కావాలంటే గడువులోపే రిటర్ను వేయాలి. గడువు దాటితే కొత్త విధానమే ఖాయం.

మూడో అడుగు: యాజమాన్యం చేతి మీదుగా ఎన్‌పీఎస్

కొత్త విధానంలో మూతపడని తలుపు ఇదొక్కటే. 80సీసీడీ(2) కింద యాజమాన్యం మీ ఎన్‌పీఎస్ ఖాతాలో వేసే సొమ్ముకు, బేసిక్, కరువు భత్యాల్లో 14 శాతం దాకా, పూర్తి తగ్గింపు వస్తుంది. ప్రైవేటు ఉద్యోగులకు ఇంతకుముందు 10 శాతమే ఉండేది. 2024 జులై బడ్జెట్ కొత్త విధానంలో దాన్ని 14కు పెంచింది. పాత విధానంలో ప్రైవేటు వారికి ఇప్పటికీ 10 శాతమే, ప్రభుత్వ ఉద్యోగులకు రెండింటిలోనూ 14 శాతం. లక్షన్నర, 50,000 హద్దులతో దీనికి సంబంధం లేదు.

అవే పదివేలు మీరు మీ బ్యాంకు ఖాతా నుంచి ఎన్‌పీఎస్‌లో వేస్తే కొత్త విధానంలో దక్కేది శూన్యం, సంస్థ ద్వారా వెళ్తే మొత్తానికీ తగ్గింపు. డబ్బు మీదే, ఖాతా మీదే, మారింది దారి మాత్రమే. చట్టం ఇలా ఎందుకుందని వాదించవచ్చు గాని, ఉన్నంత కాలం వాడుకోవడమే తెలివి.

చేయాల్సిన పని ఇది. మీ సంస్థ కార్పొరేట్ ఎన్‌పీఎస్‌లో నమోదై ఉందో లేదో హెచ్‌ఆర్ విభాగాన్ని అడగండి. ఉంటే స్పెషల్ అలవెన్స్ లాంటి, పూర్తిగా పన్ను పడే భాగంలోంచి బేసిక్‌లో 14 శాతాన్ని యాజమాన్యం వాటాగా మార్చమని కోరండి. సీటీసీ పెరగదు, దాని లోపలి అమరిక మారుతుంది. పైన చెప్పిన 24 లక్షల జీతగాడికి 14 శాతం అంటే 1,68,000. 25 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 43,680 పన్ను తగ్గుతుంది. చేతికొచ్చే జీతం తగ్గేది 1,24,320, అంటే నెలకు 10,360. ఖాతాలో చేరేది నెలకు 14,000.

పన్నెండు లక్షల గీతకు కాస్త పైన ఉన్నవారికి ఇది ఇంకా కలిసొస్తుంది. 13,60,000 జీతం, 6,80,000 బేసిక్ అనుకుందాం. స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12,85,000 మీద సెస్సుతో పన్ను 75,660. అదే జీతంలో 14 శాతం, అంటే 95,200, యాజమాన్యం ఎన్‌పీఎస్‌గా మారితే పన్ను విధించదగ్గ ఆదాయం 11,89,800కు దిగుతుంది. రిబేటు వర్తించి పన్ను మొత్తం మాఫీ. ఖాతాలో 95,200 చేరుతుంది, చేతికొచ్చే జీతం తగ్గేది ఏడాదికి 19,540 మాత్రమే. పదమూడు లక్షల చుట్టుపక్కల జీతం ఉన్నవాళ్లు ఈ ఒక్క లెక్క తమ అంకెలతో వేసి చూసుకోవాలి.

అయితే ఇది తాళం వేసిన సొమ్ము. అరవై ఏళ్లు నిండకముందే బయటికి వస్తే మామూలుగా 80 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పింఛను ఇచ్చే పథకం, కొనాలి. మధ్యలో కొన్ని అవసరాలకు తీసుకోనిచ్చేది మీ సొంత జమలో 25 శాతం వరకే, యాజమాన్యం వేసినదాంట్లోంచి కాదు. పిల్లల చదువుకు ఐదేళ్లలో డబ్బు కావాల్సినవారు పన్ను మిగులుతుందని దీనిలోకి పరుగెత్తకూడదు. ఎన్‌పీఎస్ రెండో శ్రేణి ఖాతాలో ఎప్పుడైనా తీసుకోవచ్చు గాని, ప్రైవేటు ఉద్యోగులకు దానికి ఏ పన్ను లాభమూ లేదు.

నాలుగో అడుగు: ఏడున్నర లక్షల గీత

యాజమాన్యం మీ పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ నిధి మూడింటిలో కలిపి ఏడాదిలో 7,50,000కు మించి జమ చేస్తే, మించినదాన్ని జీతంలో భాగంగానే చూసి పన్ను వేస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. మించిన సొమ్ము మీద ఏటా చేరే వడ్డీకీ, రాబడికీ కూడా పన్ను పడుతుంది.

చాలామందికి ఇది తగిలేది కాదు. పీఎఫ్ 12 శాతం, ఎన్‌పీఎస్ 14 శాతం రెండూ పూర్తిగా ఉన్నప్పుడు నెల బేసిక్ 2,40,000 దాటితేనే గీత తెగుతుంది. ఎన్‌పీఎస్ 10 శాతమే అయితే 2,84,000 దగ్గర. ఆ స్థాయిలో ఉన్నవారు ఎన్‌పీఎస్ శాతాన్ని గీత లోపల ఉండేలా తగ్గించుకోవచ్చు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే రెండు సంస్థల జమలూ కలిపి చూడాలి. కొత్త సంస్థకు పాత సంస్థ వేసింది తెలియదు కాబట్టి ఆ కూడిక మీదే.

ఐదో అడుగు: వీపీఎఫా, పీపీఎఫా?

పీఎఫ్‌కు 2024–25కు ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. పీపీఎఫ్‌కు 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం. రెండూ ప్రభుత్వం అండ ఉన్నవే. 12 శాతానికి పైన బేసిక్, కరువు భత్యం మొత్తం దాకా వీపీఎఫ్‌గా కోయించుకోవచ్చు. అందుకే ఒకప్పుడు పెద్ద జీతాలవాళ్లు కోట్లు పోగేశారు. దాని మీద 2021 బడ్జెట్ వేసిన కళ్లెమే రెండున్నర లక్షలు. 2021 ఏప్రిల్ 1 నుంచి మీ వాటా (పీఎఫ్, వీపీఎఫ్ కలిపి) ఏడాదిలో ఎంత మించితే అంత భాగం మీద వడ్డీకి పన్ను. యాజమాన్యం వాటా ఇందులో కలవదు.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. మించిన సొమ్ముకు పన్ను లేదు, దాని మీద వచ్చే వడ్డీకే పన్ను. ఆ పన్ను ఒక్క ఏడాదితో పోదు. మించిన భాగం మీ పీఎఫ్‌లోనే ‘పన్ను పడే ఖాతా’ అనే వేరే అరలోకి వెళ్తుంది (నియమం 9డీ ప్రకారం ఈ రెండు అరలూ విడివిడిగా నిర్వహించాలి). ఒకసారి ఆ అరలో పడిన రూపాయి మీరు తీసుకునేదాకా అక్కడే ఉంటుంది. దాని వడ్డీకీ, ఆ వడ్డీ మీద వడ్డీకీ ఏటా పన్ను కడుతూనే ఉండాలి, సొమ్ము చేతికి రాకపోయినా.

అదే లక్ష బేసిక్ ఉద్యోగి నెలకు 15,000 వీపీఎఫ్ పెట్టుకున్నాడనుకోండి. పీఎఫ్ 12,000తో కలిపి నెలకు 27,000. ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా తొమ్మిది నెలల్లో 2,43,000, అంతా పన్ను లేని అరలో. జనవరిలో పడే 27,000లో 7,000తో ఆ అర నిండుతుంది, మిగతా 20,000 పన్ను పడే అరలోకి. ఫిబ్రవరి, మార్చి జమలు మొత్తంగా అందులోకే. ఏడాది చివరికి అక్కడ 74,000. తర్వాతి ఏడాది ఆ 74,000 మీదే దాదాపు 6,105 వడ్డీ, దానికి పన్ను. ఏప్రిల్‌లో కొత్త రెండున్నర లక్షల చోటు మళ్లీ మొదలవుతుంది గాని, పాత 74,000 వెనక్కి రాదు. పన్ను పడే వడ్డీ ఏడాదికి 10,000 దాటితే 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కూడా కోస్తారు.

మరి గీత దాటిన తర్వాత వీపీఎఫ్ నష్టమా? శ్లాబును బట్టి. సెస్సుతో లెక్క వేస్తే 30 శాతం శ్లాబువారికి 8.25 కాస్తా 5.68 అవుతుంది. 25 శాతంలో 6.1, 20 శాతంలో 6.53, 15 శాతంలో 6.96. ఇవన్నీ పీపీఎఫ్ 7.1 కంటే తక్కువే. 10 శాతం శ్లాబులో మాత్రం 7.39, అంటే వీపీఎఫే ఇంకా ముందుంది. పెద్ద జీతాలవారు పాటించాల్సిన వరుస దీన్నిబట్టే తేలుతుంది: ముందు పీఎఫ్, వీపీఎఫ్ కలిపి రెండున్నర లక్షలు నింపడం, ఆ తర్వాత పీపీఎఫ్ లక్షన్నర. వీపీఎఫ్ నెలకు ఎంత పెట్టాలో తెలియడానికి 20,833లోంచి మీ నెలవారీ పీఎఫ్ కోత తీసేయండి. లక్ష బేసిక్‌కు 8,833. వీపీఎఫ్ లేకుండానే గీత దాటేది నెల బేసిక్ 1,73,600 దాటినవారే. చాలా సంస్థలు వీపీఎఫ్ శాతాన్ని ఏడాదికి ఒకటి రెండు సార్లే మార్చనిస్తాయి కాబట్టి ఏప్రిల్‌కు ముందే చెప్పి పెట్టుకోవాలి.

పీపీఎఫ్ సంగతి. ఏడాదికి కనీసం 500, గరిష్ఠం 1,50,000. మైనరు పిల్లల పేరిట మీరు తెరిచిన ఖాతా కూడా ఈ లక్షన్నరలోకే వస్తుంది. మించి వేసిన సొమ్ముకు వడ్డీ రాదు. కాలం పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. వడ్డీకి రెండు విధానాల్లోనూ పన్ను లేదు. నెలలో 5వ తేదీకి, నెలాఖరుకు మధ్య ఉన్న కనీస నిల్వ మీద వడ్డీ లెక్కిస్తారు. ఏప్రిల్ 5లోపు లక్షన్నర వేస్తే ఆ ఏడాది 10,650 వడ్డీ, అదే సొమ్ము మార్చి చివరి వారంలో వేస్తే ఆ ఏడాదికి సున్నా. భార్యకో భర్తకో విడిగా ఖాతా ఉంటే వాళ్లకు మరో లక్షన్నర. మీరిచ్చిన డబ్బుతో వాళ్లు కట్టినా, వచ్చే ఆదాయాన్ని మీ ఆదాయంలో కలిపే నిబంధన ఇక్కడ బాధించదు, ఎందుకంటే ఆ వడ్డీకి ఎవరి చేతిలోనూ పన్ను లేదు.

యాజమాన్యం వాటా లేని జీపీఎఫ్‌లో (జనరల్ ప్రావిడెంట్ ఫండ్‌లో) ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు రెండున్నర లక్షల బదులు ఐదు లక్షల హద్దు.

ఆరో అడుగు: తీసుకునేటప్పుడు

పీఎఫ్‌ను ఐదేళ్ల నిరంతర సేవ నిండాక తీసుకుంటే పన్ను లేదు. అంతకుముందే తీసుకుంటే యాజమాన్యం వాటా, దాని వడ్డీ జీతంగా మారి పన్ను పడుతుంది. మీ వాటాలో 80సీ కింద చూపించుకున్న మేరకు ఆ తగ్గింపు వెనక్కి పోతుంది, మీ వాటా మీది వడ్డీని ఇతర ఆదాయంగా చూస్తారు. 50,000 లేదా ఆపైన తీసుకుంటే 10 శాతం టీడీఎస్, పాన్ ఇవ్వకపోతే 20 శాతం. ఆ ఏడాది ఆదాయం మీద పన్నే లేనివారు ఫారం 15జీ, అరవై దాటినవారు 15హెచ్ ఇచ్చి కోత ఆపుకోవచ్చు. అనారోగ్యం వల్లో, సంస్థ మూతపడటం వల్లో ఉద్యోగం పోయినవారికి ఐదేళ్ల నిబంధన వర్తించదు.

ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ ఖాళీ చేసుకునే అలవాటు ఉంటే మానుకోండి. పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేస్తే పాత సంస్థలో పనిచేసిన ఏళ్లు కూడా ఆ ఐదింటిలో కలుస్తాయి. రెండేళ్లు ఒకచోట, మూడేళ్లు ఇంకోచోట పనిచేసినా ఐదేళ్లు నిండినట్టే. ఉద్యోగం పూర్తిగా మానేశాక ఖాతాను అలాగే వదిలేస్తే వడ్డీ పడుతుంది గాని, మానేసిన తేదీ తర్వాతి వడ్డీకి పన్ను ఉంటుంది.

ఎన్‌పీఎస్‌లో అరవై నిండాక ఒకేసారి తీసుకునే 60 శాతానికి పన్ను లేదు. మిగతా 40 శాతంతో యాన్యుటీ కొంటే, కొన్నప్పుడు పన్ను లేదు గాని నెలనెలా వచ్చే పింఛనుకు మీ శ్లాబు ప్రకారం పన్ను. 2025 డిసెంబరులో పింఛను నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ నిబంధనలు మార్చి, ప్రభుత్వేతర చందాదారులు 80 శాతం దాకా ఒకేసారి తీసుకునేలా సడలించింది. 1961 చట్టం పన్ను మినహాయింపు ఇచ్చింది మాత్రం 60 శాతానికే. తీసుకోవచ్చు కదా అని ఆ అదనపు 20 శాతాన్నీ ఒకే ఏడాది లాగేస్తే పన్ను తడిసి మోపెడు కావచ్చు.

విదేశాల్లో ఉన్నవారు, తిరిగి వచ్చేవారు

ప్రవాసులు పీపీఎఫ్ ఖాతా కొత్తగా తెరవలేరు. ఇక్కడ ఉన్నప్పుడు తెరిచిన దాన్ని గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, పొడిగించలేరు. ఎన్‌పీఎస్ మాత్రం వాళ్లకూ తెరిచే ఉంది.

అమెరికాలో 401కే అనే పదవీ విరమణ ఖాతా పెట్టుకుని గుంటూరుకో వరంగల్‌కో తిరిగి వచ్చినవారికి చిక్కు వేరు. ఇక్కడ పూర్తి నివాసి హోదా వచ్చాక ఆ ఖాతాలో ఏటేటా పెరిగే రాబడికి మన చట్టం అప్పుడే పన్ను అడుగుతుంది, అమెరికా మాత్రం తీసుకున్నప్పుడు అడుగుతుంది. పన్ను పడే ఏడాదుల్లో తేడా వల్ల అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ సర్దుబాటు దొరకడం కష్టమవుతుంది. దీనికి విరుగుడు సెక్షన్ 89ఏ. అమెరికా, బ్రిటన్, కెనడాల పదవీ విరమణ ఖాతాలకు, గడువులోపు ఫారం 10ఈఈ దాఖలు చేస్తే, ఆ దేశం పన్ను వేసే ఏడాదే ఇక్కడా వేస్తారు. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోవడం కుదరదు.

చివరి అడుగు: రిటర్నులో చూపడం

సంస్థ నుంచి ఫారం 16 రాగానే రెండు చోట్ల చూడండి. ఏడున్నర లక్షలు దాటిన యాజమాన్యం వాటా ఉంటే అది జీతంతో పాటు ఇచ్చే ఇతర సౌకర్యాల వివరాల్లో, అంటే ఫారం 12బీఏలో ఉండాలి. 80సీసీడీ(2) తగ్గింపు పడిందో లేదో చూసి, పడకపోతే రిటర్నులో మీరే చూపుకోండి. యాజమాన్యం ఎన్‌పీఎస్ వాటా ముందు జీతంలో కలిసి, తర్వాత తగ్గింపుగా బయటికి పోవాలి. జీతంలో కలిసి, తగ్గింపు రాకపోతే మీరు అనవసరంగా పన్ను కట్టినట్టే.

రెండున్నర లక్షలు దాటినవారు వార్షిక సమాచార నివేదికలో, ఫారం 26ఏఎస్‌లో పీఎఫ్ సంస్థ కోసిన టీడీఎస్ వెతకండి. టీడీఎస్ 10 శాతమే కాబట్టి ఎక్కువ శ్లాబులో ఉన్నవారు మిగతాది సొంతంగా కట్టాలి. ఆ వడ్డీ వెళ్లాల్సింది ఇతర ఆదాయాల కింద, పన్ను పడే పీఎఫ్ వడ్డీకి కేటాయించిన గడిలోకి. పన్ను పడని పీఎఫ్, పీపీఎఫ్ వడ్డీని మినహాయింపు ఆదాయాల పట్టికలో చూపించాలి.